ఫిలిప్ కె. డిక్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి: తొలి కథలు, వాటి నుంచి సినిమాలు తీసుకున్నవి, వదిలేసినవి

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పి సమాధానంలోకి వెళతాను. ‘బ్లేడ్ రన్నర్’, ‘టోటల్ రీకాల్’, ‘మైనారిటీ రిపోర్ట్’ మూడూ మీకు నచ్చాయి. వాటన్నిటి వెనుక ఫిలిప్ కె. డిక్ అనే ఒకే రచయిత ఉన్నాడని ఈ మధ్యే తెలిసింది. ఆయన నవలలతో మొదలుపెట్టాలా, యాభైల నాటి పాత కథలు ఇప్పుడు చదవదగినవేనా, ఈ సినిమాల గొప్పదనంలో ఆయన వాటా ఎంత అని అడిగారు.

నవలలను కొన్నాళ్లు పక్కన పెట్టి, 1952 నుంచి 1956 వరకు పత్రికల్లో వచ్చిన కథలతో మొదలుపెట్టండి. వాటా విషయానికి వస్తే, ఆ సినిమాలను నడిపే ప్రశ్న డిక్‌దే. ఆ ప్రశ్నకు చిక్కిన మనిషి మాత్రం చాలా సినిమాల్లో డిక్ మనిషి కాదు. ఈ రెండో మాట నిజమో కాదో తొలి కథలు చదివితేనే మీకు తేలుతుంది, అందుకే వాటిని ముందు చదవమంటున్నాను.

నేను పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లిషు సైన్స్ ఫిక్షన్ కథలను తెలుగులోకి తెచ్చే పని చేస్తున్నాను. హైదరాబాద్‌లో నెలకొకసారి కలిసే మా చదువరుల బృందం కోసం డిక్ కథలు పదకొండు అనువదించాను. కింద చెప్పేవి ఆ పనిలోనూ, ఆ కథలను గట్టిగా చదివి వినిపించినప్పుడు జరిగిన చర్చల్లోనూ నాకు స్థిరపడిన అభిప్రాయాలు.

ఆ కథలు పుట్టిన పరిస్థితి తెలిస్తే వాటి తీరు సులభంగా అర్థమవుతుంది. డిక్ 1928 డిసెంబరులో షికాగోలో కవలల్లో ఒకడిగా పుట్టాడు. తోబుట్టువు జేన్ ఆరు వారాలకే చనిపోయింది. పెరిగింది ఎక్కువగా కాలిఫోర్నియాలోని బర్కిలీలో. అక్కడ గ్రామఫోను రికార్డులమ్మే దుకాణంలో పనిచేస్తూ కథలు రాశాడు. ఆంథొనీ బౌచర్ అనే సంపాదకుడు అదే ఊళ్లో తన ఇంట్లో వారం వారం రచన నేర్పేవాడు. డిక్ అమ్మిన మొదటి కథ ‘రూగ్’ను 1951లో కొన్నది ఆయనే. అయితే అచ్చులో ముందుగా కనబడింది మాత్రం 1952 జులైలో ‘ప్లానెట్ స్టోరీస్’ పత్రికలో వచ్చిన ‘బియాండ్ లైస్ ది వబ్’. అప్పట్లో అమెరికాలో చౌక కాగితం మీద అచ్చయ్యే సైన్స్ ఫిక్షన్ పత్రికలు డజన్ల కొద్దీ ఉండేవి. పదానికి ఇన్ని సెంట్లని లెక్కగట్టి ఇచ్చేవి. ఒక్క 1953లోనే డిక్ కథలు సుమారు ముప్పై అచ్చయ్యాయి. అంత రాసినా ఇల్లు గడవలేదు. పెంపుడు జంతువుల కోసం అమ్మే గుర్రం మాంసం తెచ్చుకుని భార్యా తాను తిన్న రోజులున్నాయని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అది మెకార్తీ కాలం, అంటే కమ్యూనిస్టులన్న అనుమానం మీద అమెరికాలో మనుషులను వెంటాడిన రోజులు. ఎఫ్‌బీఐ, అంటే కేంద్ర దర్యాప్తు సంస్థ మనుషులు ఆ ఇంటికి వచ్చి కూర్చుని మాట్లాడి వెళ్లేవారు. పక్కింటివాడు నిజంగా పక్కింటివాడేనా అన్న అనుమానం ఆ కథల్లోకి గాలిలోంచి రాలేదు.

ఇక కథలు. నా లెక్కలో మీరు మొట్టమొదట చదవవలసింది 1953 జూన్‌లో ‘అస్టౌండింగ్’ పత్రికలో వచ్చిన ‘ఇంపోస్టర్’. ఆ రోజుల్లో అన్నిటికన్నా పేరున్న ఆ పత్రికకు, దాని సంపాదకుడు జాన్ కాంప్‌బెల్‌కు, డిక్ అమ్మగలిగిన కథ ఇదొక్కటే. స్పెన్స్ ఓల్హామ్ అనే ఉద్యోగి యుద్ధకాలపు పరిశోధనశాలలో పనిచేసి అలసిపోయి, సెలవు పెట్టి ఎక్కడికైనా వెళదామని భార్యతో అనుకుంటుంటాడు. ఆ పొద్దున్నే కారెక్కిన అతన్ని సొంత సహోద్యోగే పట్టిస్తాడు. అభియోగం ఏమిటంటే, అతను ఓల్హామ్ కాదు, ఓల్హామ్‌ను చంపి అతని రూపంలో వచ్చిన శత్రువుల మరమనిషి, లోపల బాంబు ఉంది. ఓల్హామ్‌కు తన బాల్యం గుర్తుంది, భార్య గుర్తుంది, చేసే పని గుర్తుంది. తాను మనిషినేనని నిరూపించుకోవాలి. ముగింపు చెప్పను.

మా బృందంలో ఈ కథ చదివిన సాయంత్రం ఒక పెద్దాయన చేసిన పోలిక నాకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. మనకు వేషం కొత్త కాదు. పగటి వేషగాళ్లను చూశాం, ద్విపాత్రాభినయం సినిమాలు చూశాం. అయితే వేషగాడికి తాను వేషంలో ఉన్నానని తెలుసు. ద్విపాత్రాభినయంలో తెరమీది వాళ్లు పొరబడినా ఎవరు అన్నో ఎవరు తమ్ముడో ప్రేక్షకుడికి తెలుసు, ఆ తెలియడంలోనే ఆ సినిమాల సరదా అంతా ఉంది. డిక్ ఆ రెండు ఆధారాలనూ తీసేశాడు. ఇక్కడ వేషం ఉంటే వేషగాడికే తెలియదు, చదివేవాడికీ తెలియదు. ‘నేను మనిషినేనా’ అన్న సందేహం ఎదుటివాడి మీద నుంచి తన మీదికే తిరగడం డిక్ చేసిన అసలు పని. 1968 నాటి ‘డు ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?’ నవలలోనూ, దాని ఆధారంగా వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’లోనూ మీరు చూసింది ఈ సందేహాన్నే. పదిహేనేళ్ల ముందే, కొద్ది పేజీల్లో, ఇంకా పదునుగా అది ఇక్కడ ఉంది. డిక్ రచనల్లో తెరకెక్కిన మొదటి వాటిలో కూడా ఇదే ఉంది. 1962లోనే బ్రిటిష్ టెలివిజన్ దీన్ని నాటకంగా ప్రసారం చేసింది.

దీని తర్వాత వెంటనే ‘సెకండ్ వెరైటీ’ చదవండి. అది అంతకు నెల ముందు, 1953 మేలో వచ్చింది. అమెరికా, రష్యా పక్షాల అణుయుద్ధంలో నేల బూడిదైపోయాక, అమెరికన్లు భూమి కింద వదిలేసిన కర్మాగారాలు వాటంతటవే చంపే యంత్రాలను తయారుచేస్తూ, వాటిని మెరుగుపరుస్తూ పోతాయి. చివరికి అవి మనుషుల్లా కనబడే నమూనాలను చేస్తాయి. ఒకటి గాయపడిన సైనికుడు, ఒకటి చేతిలో ఎలుగుబంటి బొమ్మ పట్టుకుని ‘నన్నూ తీసుకెళ్లండి’ అనే పిల్లవాడు. మూడు రకాలున్నాయని తెలుసు, రెండు రకాలే దొరికాయి. మిగిలినది మనలో ఎవరు? యంత్రాన్ని మనిషి రూపంలో శత్రు శిబిరంలోకి పంపడమన్నది 1980ల తర్వాత సినిమాల్లో ఎంత మామూలు విషయమైపోయిందో మీకు తెలుసు. 1953లో ఒక పిల్లవాడి చేతిలో బొమ్మ పెట్టి ఆ భయాన్ని రాయడంలో ఉన్న కర్కశత్వం ఆ సినిమాల్లో చాలావాటికి అందలేదని నా అభిప్రాయం. దీన్ని 1995లో ‘స్క్రీమర్స్’ పేరుతో తీశారు. ‘టోటల్ రీకాల్’ రచయితల్లో ఒకడైన డాన్ ఒబానన్ దానికీ రాశాడు. అయితే కథను భూమి మీద నుంచి వేరే గ్రహానికి మార్చారు. రష్యా, అమెరికా అన్న పేర్లు పోగానే కథకున్న సగం బరువు పోయింది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, అంటే సినిమాల్లో డిక్ వాటా. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం ఇక్కడుంది కనుక కొంచెం విస్తరంగా రాస్తాను.

డిక్ తొలి కథల్లో నాయకుడు దాదాపు ఎప్పుడూ జీతగాడే. ‘అడ్జస్ట్‌మెంట్ టీమ్’ (1954)లో ఎడ్ ఫ్లెచర్ స్థిరాస్తి కార్యాలయంలో గుమాస్తా వంటి ఉద్యోగి. ఆ రోజు నిర్ణీత సమయానికి ఒక కుక్క మొరగాలి, అది మొరిగితే అతను వేళకు ఆఫీసులో ఉంటాడు. ఆ కుక్క కునుకు తీస్తుంది. స్నేహితుడి కారు రావలసిన చోట జీవిత బీమా ఏజెంటు వచ్చి కూర్చుంటాడు. ఆలస్యంగా ఆఫీసుకు వెళ్లిన ఎడ్‌కు భవనం, మనుషులు, బల్లలు అన్నీ ముట్టుకుంటే రాలిపోయే బూడిదలా కనబడతాయి. ఎందుకంటే లోకాన్ని సరిదిద్దేవాళ్లు ఆ సమయానికి అక్కడ పనిలో ఉన్నారు. ఇంటికి వెళ్లి భార్యకు ఏమని చెప్పాలన్నది అతని ఆఖరి బాధ. 2011లో వచ్చిన ‘ది అడ్జస్ట్‌మెంట్ బ్యూరో’ సినిమాలో ఈ గుమాస్తా రాజకీయ నాయకుడయ్యాడు, కథకు కేంద్రం ఒక నర్తకితో ప్రేమ అయింది. విధిని ఎదిరించే వీరుడి కథ అది. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ విధి రాత రాసే ఆఫీసులో జరిగిన చిన్న పొరపాటును కళ్లారా చూసి, మర్నాటి నుంచి మళ్లీ అదే ఆఫీసుకు వెళ్లవలసిన మనిషి నిస్సహాయత అందులో లేదు. డిక్ రాసింది ఆ నిస్సహాయతనే.

‘మైనారిటీ రిపోర్ట్’ మీరు చూశారు కనుక దాన్నే తీసుకుందాం. (కథ ముగింపు కొంత చెప్పక తప్పదు, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి.) 1956 జనవరిలో వచ్చిన ఆ కథ మొదలయ్యేదే జాన్ ఆండర్టన్ తన బట్టతల గురించి, పొట్ట గురించి, వయసు గురించి దిగులుపడడంతో. తన స్థానంలోకి రావడానికి దిగిన కుర్రవాణ్ణి చూసి భయపడే పెద్ద ఉద్యోగి అతను. సినిమాలో టామ్ క్రూజ్‌ను చూసినవారికి ఈ మొదటి వాక్యాలే ఆశ్చర్యం కలిగిస్తాయి. అంతకన్నా పెద్ద తేడా చివర్లో ఉంది. సినిమాలో ఆండర్టన్ తాను చేస్తాడని జోస్యం వచ్చిన హత్య చేయకుండా ఆగుతాడు, జోస్యాలను బట్టి నేరం జరగకముందే మనుషులను పట్టుకునే ముందస్తు నేరాల విభాగం మూతపడుతుంది. కథలో అతను తాను నిర్మించిన విభాగం బతకాలని, జోస్యం తప్పు కాకూడదని, తెలిసి తెలిసి హత్య చేసి దూరపు గ్రహానికి వెళ్లిపోతాడు. స్పీల్‌బర్గ్ తీసింది వ్యవస్థ మీద మనిషి గెలిచిన కథ. డిక్ రాసింది జీవితమంతా కొలువు చేసిన వ్యవస్థ కోసం మనిషి తన చేతులను తానే రక్తంలో ముంచుకున్న కథ. రెండోది చదివి నేను చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

పైగా జనం డిక్ ఊహ అనుకునే వాటిలో కొన్ని ఆయనవి కావు, ఇది స్పష్టంగా చెప్పుకోవడం ఆయనకు మర్యాదే. గాలిలో చేతులు కదిపి తెరమీది బొమ్మలను జరపడం ‘మైనారిటీ రిపోర్ట్’ సినిమా వల్ల ప్రసిద్ధమైంది. అది స్పీల్‌బర్గ్ పిలిపించిన శాస్త్ర సాంకేతిక నిపుణుల ఆలోచనల్లోంచి, ముఖ్యంగా జాన్ అండర్‌కోఫ్లర్ పనిలోంచి వచ్చింది. కథలో ఉన్నది కార్డుల మీద అచ్చై వచ్చే జోస్యాలు. ‘బ్లేడ్ రన్నర్’లో మనిషిని పోలిన కృత్రిమ జీవికి వాడిన ‘రెప్లికెంట్’ అన్న మాట డిక్ నవలలో లేదు, సినిమా రచయితలు తెచ్చుకున్నారు. ‘బ్లేడ్ రన్నర్’ అన్న పేరు కూడా ఆయనది కాదు, అలన్ నర్స్ అనే మరో రచయిత నవల పేరులోంచి వచ్చింది. ‘టోటల్ రీకాల్’కు మూలమైన కథ 1966 నాటిది కనుక తొలి కథల్లో చేరదు. అందులో కథానాయకుడు కథ నడిచినంతసేపూ అంగారకుడి మీద అడుగే పెట్టడు. ఆ కథలోనూ అతను గుమాస్తానే. సినిమాకు వచ్చేసరికి అతను ష్వార్జ్‌నెగర్ అయ్యాడు.

ఇలా చెబుతున్నానని సినిమాలను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ‘బ్లేడ్ రన్నర్’ విడుదలకు ముందు కొన్ని దృశ్యాలు చూసి డిక్ ఎంతో సంతోషించాడు. పూర్తి సినిమా చూడకుండానే 1982 మార్చి 2న, 53 ఏళ్ల వయసులో చనిపోయాడు. సినిమా జూన్‌లో వచ్చింది. ఆ సినిమా కథను కొత్త నవలగా రాసిస్తే పెద్ద మొత్తం ఇస్తామన్నా, తన పాత నవల మరుగున పడుతుందని ఒప్పుకోలేదు. ఆయన రచనల మీద వచ్చిన పెద్ద సినిమాలన్నీ ఆయన పోయాక వచ్చినవే. బతికుండగా గుర్రం మాంసం తినవలసి వచ్చిన మనిషి విషయంలో ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి.

సినిమావాళ్లు నవలల కన్నా ఈ కథల వైపే ఎక్కువగా ఎందుకు వెళ్లారన్నది కూడా ఆలోచించదగినదే. నా అనుభవంలో కారణం నిర్మాణంలో ఉంది. డిక్ నవలల్లో ఐదారు ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడతాయి, మధ్యలో కొన్ని తెగిపోతాయి. కథలో ఒకే ఒక మెలిక ఉంటుంది, దాని చుట్టూ బోలెడంత ఖాళీ ఉంటుంది. ‘పేచెక్’ (1953) చూడండి. రెండేళ్ల పని చేసి ఆ రెండేళ్ల జ్ఞాపకం చెరిపించుకున్న జెన్నింగ్స్‌కు జీతం బదులు ఒక సంచిలో ఏడు చిల్లర వస్తువులు ఇస్తారు: ఒక తాళపు చెవి, తీగముక్క, బస్సు టోకెను వంటివి. వాటిని కోరుకున్నది తానేనని కాగితం మీద తన సంతకం ఉంటుంది. ఆ సంచి ఒక్కటి చాలు, ఏ దర్శకుడైనా మిగతాది కట్టుకోగలడు. 2017లో బ్రిటన్‌లో మొదలైన ‘ఎలక్ట్రిక్ డ్రీమ్స్’ ధారావాహికలో పది భాగాలుంటే పదీ 1953, 1955 మధ్య అచ్చయిన కథల నుంచే తీసుకున్నారు.

ఆ పదింటిలో ఒకదానికి మూలమైన ‘ఫాస్టర్, యూ ఆర్ డెడ్’ (1955) గురించి విడిగా చెప్పాలి. ఇంతవరకు నేను చదివి వినిపించిన కథల్లో మా బృందాన్ని ఎక్కువగా కదిలించింది అదే. అందులో ప్రతి ఇంటివాడూ బాంబుల నుంచి రక్షణ కోసం సొంత డబ్బుతో భూగర్భ గది కొనుక్కోవాలి. మైక్ ఫాస్టర్ అనే బడిపిల్లవాడి తండ్రి కొనడు. బడిలో ఆ పిల్లవాడికి తలవంపులు. చివరికి తండ్రి అప్పు చేసి కొంటాడు. ఇంతలోనే, ఆ గదినీ తొలుచుకుపోయే కొత్త ఆయుధం వచ్చిందని, దానికి అదనపు భాగం కొనాలని ప్రకటన వస్తుంది. సోవియట్ పత్రిక ‘ఒగన్యోక్’ దీన్ని అనుమతి అడగకుండానే అచ్చువేసుకుంది. మా బృందంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు ఒకరున్నారు. చదవడం పూర్తయ్యాక ఆవిడ, ‘ఇందులో బాంబు తీసేసి ఫోనో ట్యూషనో పెట్టండి, మా తరగతిలో రోజూ చూసే పిల్లవాడే వీడు’ అన్నారు. ఆ మాట తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దీని మీద పెద్ద సినిమా రాలేదు కనుక చాలామంది ఈ కథను దాటేస్తారు. మీరు దాటవద్దు.

అనువాదకుడిగా ఒక మాట, ఎందుకంటే మీరు ఇంగ్లిషులో చదవాలా తెలుగులో దొరికితే చాలా అని కూడా అడిగారు. ఇంగ్లిషులోనే చదవండి. డిక్ వాక్యం చిన్నది, సూటిగా ఉంటుంది, నిఘంటువు అవసరం పెద్దగా పడదు. కష్టమంతా మరో చోట ఉంది. ‘రూగ్’లో ఒక కుక్క, చెత్త తీసుకెళ్లేవాళ్లు మనుషులు కారని, వేరే లోకం నుంచి వచ్చినవాళ్లని గ్రహించి, యజమానిని హెచ్చరిస్తూ మొరుగుతుంది. యజమానికి అది ఉత్త అరుపు. ‘రూగ్’ అన్నది ఆ కుక్క అరుపూ, ఆ శత్రువుల పేరూ రెండూను. మొదటి ప్రతిలో ‘భౌ’ అని రాశాను. అరుపు మిగిలింది, పేరు పోయింది. ‘బూచ్’ అని రాస్తే భయమూ అరుపూ రెండూ వస్తాయని ఒక మిత్రుడు సూచించాడు, కానీ అది పసిపిల్లల కథలా వినబడింది. చివరికి ‘రూగ్’ అనే ఉంచేశాను.

‘ది ఐస్ హావ్ ఇట్’ (1953) అనే రెండు మూడు పేజీల కథలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం ఎదురైంది. బస్సులో దొరికిన నవల చదువుతూ ఒకతను, ‘అతని కళ్లు గదంతా తిరిగాయి’ వంటి వాక్యాలను అక్షరాలా నమ్మి, కళ్లు ఊడి తిరిగే గ్రహాంతరవాసులు మన మధ్య ఉన్నారని బెదిరిపోతాడు. దాన్ని మక్కికిమక్కి తెలుగు చేస్తే చప్పగా ఉంటుంది. మన నుడికారాలనే అతని చేతికిచ్చాను: ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది, అతనికి కళ్లు నెత్తికెక్కాయి, కోడలిని కడుపులో పెట్టుకుని చూసుకుంది, గుండె జారిపోయింది. డిక్ చేసిన పని సరిగ్గా తెలుగులోకి వచ్చిందని నేను ధైర్యంగా చెప్పగలిగిన కథ అదొక్కటే.

కొన్ని హెచ్చరికలు. ఈ కథల్లో ఆడవాళ్లు చాలావరకు వంటగదిలోంచి పలకరించే భార్యలే, లేదంటే అనుమానించదగినవాళ్లు. డెబ్భై ఏళ్ల నాటి రాత అని సరిపెట్టుకున్నా ఆ లోపం లోపమే. వరుసగా పది కథలు చదివితే చివరి మలుపు ముందే పసిగట్టడం అలవాటవుతుంది కనుక వారానికి రెండుకు మించి చదవకండి. వేగంగా, డబ్బు కోసం రాసిన వాటిలో బలహీనమైనవీ ఉన్నాయి. సుమారు 120 కథల్లో నేను మళ్లీ మళ్లీ తిరగేసేవి ముప్పైకి మించవు. సంపుటాల వెనుక అట్టమీది పరిచయాలు ముగింపులు బయటపెడతాయి, ‘ఇంపోస్టర్’ విషయంలో మరీ జాగ్రత్త.

తొలి కథల్లో కొన్నిటికి అమెరికాలో కాపీరైటు పునరుద్ధరణ జరగలేదు కనుక ‘ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్’ అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. ‘సెకండ్ వెరైటీ’, ‘బియాండ్ లైస్ ది వబ్’, ‘ది ఐస్ హావ్ ఇట్’ అక్కడున్నాయి. మిగతావాటికి కథల సంపుటాలు కొనుక్కోవాలి. ఆ సంపుటం చేతికి రాగానే ‘ఇంపోస్టర్’, దాని వెంటే ‘సెకండ్ వెరైటీ’, ఆ తర్వాత ‘ఫాస్టర్’, ‘అడ్జస్ట్‌మెంట్ టీమ్’, చివర ‘మైనారిటీ రిపోర్ట్’ చదివి, ఆ సినిమాను ఇంకోసారి చూడండి. నవలల్లోకి అప్పుడు వెళ్లవచ్చు. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం పొందిన ‘ది మ్యాన్ ఇన్ ది హై కాసిల్’ (1962) కన్నా ముందు, ‘బ్లేడ్ రన్నర్’కు మూలమైన 1968 నాటి నవలనే తీసుకోండి. ఓల్హామ్‌ను చదివి ఉంటారు కనుక అందులో మనుషుల్లా కనబడే మరమనుషులను వేటాడేవాడు తన మీద తానే పరీక్ష పెట్టుకునే చోటికి వచ్చేసరికి అతనికి ఎందుకంత భయమో మీకు ముందే తెలిసి ఉంటుంది.